కారం మిల్లులో నా గొంతు

అమ్మమ్మా,

ఈ ఉదయం డాబా మీద ఆరబోసిన ఎండుమిరపకాయల పక్కగా నడుస్తూ పక్కింటి పిల్లి తుమ్మింది. తర్వాత ఆ కాయలు సంచికెత్తి బ్రాడీపేట మిల్లుకు వెళ్లాను. నువ్వు లేకుండా వెళ్లడం ఇదే మొదటిసారి. ఏటా మాట్లాడేదానివి నువ్వే, నేను సంచి పట్టుకుని నిలబడేదాన్ని.

నా ముందు ఒకావిడ ధనియాలు పట్టించింది. మిల్లతను అదే మరలో మన కాయలు పోయబోయాడు. చప్పుడులో వినపడదేమోనని, "ఏడాదంతా తినే కారమండీ, ముందు మర దులపండి" అని అరిచాను. సరిగ్గా అప్పుడే మర ఆగింది. అందరూ నావైపు తిరిగారు.

"ఇన్నేళ్లూ నీకు మాటలు రావనుకున్నానమ్మాయ్," అన్నాడతను బ్రష్షు తీస్తూ.

"వచ్చాయిగా, ఇక దులుపు," అంది ధనియాలావిడ.

కారం ఎర్రగా, ఘాటుగా వచ్చింది. ఇంటిదాకా నవ్వుకుంటూ, తుమ్ముకుంటూ వచ్చాను.

ఈసారి కాయలు ఒక్కరికి సరిపడానే కొన్నాను.