చిప్పు మీద నెయ్యి డబ్బా

ఇంజినీరు వాణి మేడం గారికి, సీబ్ ఊరి ఖర్జూర తోట కాపలా ముసలివాడు తన చేత్తోనే రాసుకునేది.

నీళ్ల ట్యాంకు మీది చిప్పు నీళ్లు అయిపోయిన కబురు ఆఫీసుకు పంపక ఖర్జూర మొక్కలు ఎండాయని, దాన్ని బిగించిన గణపతిని ఇండియాకు పంపేస్తున్నారట. ఆపండి. తప్పు నాది.

బిగించిన రోజే అతను చెప్పాడు: "పెద్దయ్యా, ఇది శాన సేపు పండుకుంటది. నడుమ నడుమ లేచి, నీళ్లెన్నున్నయో రేడియోల ఆఫీసుకు చెప్పి మళ్ల పండుకుంటది. అందుకే గింత బ్యాటరీ ఏండ్లకొద్ది వస్తది."

"నా డ్యూటీ లెక్కనే ఉందిరా" అన్నాను.

పడుకున్నదానికి ఎండ తగులుతుందని నెయ్యి రేకుడబ్బా బోర్లించాను. రేకు దాటి రేడియో పోదట. పది రోజులకు అది చూసి గణపతి తల పట్టుకున్నాడు. "మేడంకు చెప్పకురా, నా ఇజ్జత్ పోతది" అన్నాను.

ఉద్యోగం పోతున్నా ఆ మొండివాడు చెప్పలేదు. అతనికి తీసిన ఇండియా టికెట్టు మీద నా పేరు రాయించండి. కిటికీ సీటైతే మంచిది.

ఇట్లు,
తోట కాపలా