ఆ రోజు బండి నడిపింది నేనే

శీనా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నిన్నటికి బండి ప్రమాదంలో నువ్వు పోయి ఏడాది. నేను ఆఫీసు, ఇల్లు తప్ప ఎక్కడికీ కదలడం లేదని మన ఖాజా, మహేశ్ నన్ను బైకెక్కించి కంప్లి తీసుకెళ్ళారు. నది ఒడ్డున బజ్జీలు తింటూ మహేశ్ అన్నాడు, "శీనప్ప ఉంటే ఇంగా ముందుకు పోదామనేటోడు."

చేతిలోని బజ్జీ పక్కన పెట్టి, "ఆ పొద్దు బండి నడిపింది వాడు కాదు, నేను" అనేశాను.

ఖాజా లేచి బైకు తాళాలు తీశాడు. "మాకెందుకు చెప్తాండావు? వాళ్ళ నాయనకు చెప్పు పో" అన్నాడు.

గాంధీనగర్‌లో మీ ఇంటి ముందు దించారు. నాకు లైసెన్సు లేదని భయపడి, నువ్వే నడిపావని అప్పుడు పోలీసులకు చెప్పాను. మీ నాన్న ఆస్పత్రికొచ్చి, "మావోడు నీ కాలు ఇరగ్గొట్టిపాయ, మనసులో పెట్టుకోవద్దప్పా" అని నా చేతులు పట్టుకున్నా నోరు విప్పలేదు. నిన్న విప్పాను.

ఆయన కొట్టలేదు. "లోపలికి పోయి ఆయమ్మకూ చెప్పు. యాడాది నుంచి సచ్చిపోయినోణ్ణే తిడతా ఉండాది, స్పీడుగా తోలినాడని" అన్నారు.

వంటింట్లో మీ అమ్మ, "రాప్పా, ఊట చేసి పోదువు" అంది. ఆమె అన్నం పెట్టడానికి కంచం తీయకముందే అంతా చెప్పేశాను.

నా వైపు చూడకుండానే, "నిన్ను ఊరికే తిడితి గదరా, శీనా" అంది.