వంకరముక్కు పెట్టకు మేత

అమ్మాయీ,

వంకరముక్కు కోడిపెట్టకు మేత లోతు గిన్నెలో పెట్టు. దాని పైముక్కు ఒక పక్కకు, కిందిముక్కు ఇంకో పక్కకు పోతాయి కదా, పళ్ళెంలో గింజలు అందవు. నూకలు తడిపి ముద్దగా కలుపు. మిగతా కోళ్ళను గంప కింద మూసెయ్యి. లేకపోతే దీన్ని తోసేసి అవే తినేస్తాయి.

అమ్మ పోయినప్పటి నుంచి అది సరిగా తినడం లేదు. నిన్న ఎత్తుకుంటే ఎముకలు చేతికి తగిలాయి. నేను పిలిస్తే, "హాజరు తీసుకుంటున్నారా మాస్టారూ?" అని అమ్మ నవ్వేది. నిజమే, నా పిలుపుకు అది రాదు. నువ్వు పిలువు. నీది అచ్చం అమ్మ గొంతే.

బడికి వెళ్తున్నాను.

నాన్న

మరిచాను. సాయంత్రం మేత మాత్రం నేను వచ్చాక పెట్టు. నువ్వు పిలుస్తుంటే నాకూ వినాలని ఉంది.