పై క్లాసు లెక్కల పుస్తకం

విజయనగరం,
8 జూలై 2001

ప్రియమైన లిల్లీకి,

మేం భిలాయి వదిలి నెల దాటినా ఉత్తరం రాయలేదని అలిగావట. అలక మానెయ్. సామాన్లు సర్దుకునేసరికే మాకు తలప్రాణం తోకకొచ్చింది. స్టీలు ప్లాంటు ఉద్యోగం ముందే మానేసినందుకు ఇచ్చిన డబ్బుతో నాన్న ఇక్కడ పిండిమర పెట్టారు. "ఇన్నేళ్ళూ ఇనుముతో ఏగేను, ఇకమీద పిండితో ఏగుతాను" అని నవ్వుతున్నారు. నేను లెక్కల గ్రూపులో చేరాను. మీ పదకొండో క్లాసుని ఇక్కడ ఇంటర్ మొదటి సంవత్సరం అంటారు.

నీకిచ్చిన తొమ్మిది, పది లెక్కల పుస్తకాలు జాగ్రత్త. మన సెక్టర్ 2 వీధి ఆనవాయితీ తెలుసుగా? పై క్లాసుకి వెళ్ళినవాళ్ళ పుస్తకం కింది క్లాసువాళ్ళకి చేరాలి, ఎవరింట్లోనూ ఆగిపోకూడదు. మొదటి పేజీలో మణిమాలక్క పేరు, దాని కింద నా పేరు ఉన్నాయి. నీ పేరు నువ్వే రాసుకో. నీ తర్వాత మీ తమ్ముడు హార్వే. నేను పెన్సిలుతో చుక్క పెట్టిన లెక్కల దగ్గర నేనూ ఏడ్చాను, కాబట్టి అక్కడ నువ్వు ఏడిస్తే తప్పులేదు. చుక్క లేని చోట ఏడిస్తే మాత్రం అది బద్ధకమే. చెప్పేవాడికి వినేవాడు లోకువని తిట్టుకోకు.

పదకొండో క్లాసు పుస్తకం కూడా నా చేతి నుంచే నీకొస్తుంది. ఇది నా మాట.

ప్రేమతో,
నీ అపర్ణక్క

భిలాయి, సెక్టర్ 2,
20 నవంబర్ 2002

ప్రియమైన అపర్ణక్కకి,

నీ ఉత్తరాలు రానురాను పొట్టివైపోతున్నాయి. మీ ఇంట్లో సత్యారావు అంకుల్‌కి ఒంట్లో బాగోలేదని ఎవరో అన్నారు, నిజమేనా?

పదో క్లాసు సగం అయింది. ఎత్తులూ దూరాలూ అన్న పాఠంలో పడి కొట్టుకుంటున్నాను. నువ్వు అక్కడ నాలుగు చుక్కలు పెట్టావు. నాకు పది కావాలి.

ఇంట్లో ఒకటే గొడవ. అమ్మ నర్సు, మామ్మ నర్సు, పిన్ని నర్సు. మా ఇంట్లో ఆడపిల్ల అంటే తెల్ల యూనిఫారమే. చర్చిలో కనబడిన ప్రతి ఆంటీ "మ్యాథ్స్ లేగీ యా బయో?" అని, పదకొండులో ఏది తీసుకుంటానో అడుగుతుంది. నేను నోరు తెరిచేలోపే నాన్న "బయో" అంటారు. ఇంటికొచ్చాక "లెక్కలు సదివి ఏటి సేస్తావే? నర్సింగైతే పాసైన మర్నాడే ఉద్యోగం" అంటారు. అపర్ణక్క తీసుకుంది కదా అంటే మాత్రం కాస్త మెత్తబడతారు. "ఆ పిల్ల ఎలా నెగ్గుకొస్తాదో సూద్దాం" అన్నారు మొన్న. అందుకని నీ మొదటి సంవత్సరం మార్కులు రాయి అక్కా. నా తరఫున మాట్లాడేది అవే.

ప్రభువు మీ ఇంటిని కాపాడాలని ప్రార్థిస్తూ,
నీ లిల్లీ

విజయనగరం,
15 డిసెంబర్ 2002

ప్రియమైన లిల్లీకి,

నాన్నకి కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదు. తగ్గుతుందిలే. అప్పుడప్పుడు మరకి నేనూ వెళ్తున్నాను.

మొదటి సంవత్సరం లెక్కల్లో నాకు నూట యాభైకి నూట ముప్పై ఎనిమిది వచ్చాయి. డేవిడ్‌రాజ్ అంకుల్‌కి చదివి వినిపించు.

ఎత్తులూ దూరాల్లో నీ ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. నువ్వు బొమ్మ గీయకుండానే లెక్కలోకి దూకుతావు. ముందు గోపురం గీయి, మనిషిని నిలబెట్టు, చూపు ఎటు వెళ్తోందో గీత గీయి. అప్పుడు సగం లెక్క అయిపోయినట్టే. తెల్ల యూనిఫారం మంచిదే, ఇష్టం ఉన్నవాళ్ళకి. నీకు ఇష్టం లేదు. ఆ మాట అంకుల్ ముందు గొణక్కుండా చెప్పు.

ఆశీస్సులతో,
అపర్ణక్క

భిలాయి,
29 జూన్ 2003

ప్రియమైన అపర్ణక్కకి,

మ్యాథ్స్ వచ్చేసింది! పదిలో లెక్కలకి తొంభై ఒకటి. నాన్న నీ ఉత్తరం మళ్ళీ ఒకసారి తెప్పించుకుని చూశారు. "అపర్ణకి వచ్చినప్పుడు నీకెందుకు రావు?" అని ఫారం మీద సంతకం పెట్టారు. అమ్మ వారం రోజులు మాట్లాడలేదనుకో.

కానీ పదకొండు వేరే లోకంలా ఉందక్కా. పదిలో మొదట వచ్చినవాళ్ళు కూడా బిక్కమొహాలు వేసుక్కూర్చుంటున్నారు. ఇండక్షన్ అని ఒక పాఠం ముందు ముందు ఉందట, తలచుకుంటేనే భయం. నువ్వు అవన్నీ దాటేశావు కదా, కాస్త చెప్పవూ? మాటిచ్చిన పుస్తకం కూడా పంపు. మొదటి పేజీలో నీ పేరు కింద రాసుకోవడానికి పెన్ను పట్టుకు కూర్చున్నాను.

నీ లిల్లీ

విజయనగరం,
17 ఆగస్టు 2003

ప్రియమైన లిల్లీకి,

చాలా సంతోషం. ఇక్కడి సిలబస్ వేరు, నా పుస్తకాలు నీకు పనికిరావు. ఇండక్షన్ సంగతి మీ సారునే అడుగు, సిగ్గుపడకు. మరలో పని ఎక్కువగా ఉంది. బాగా చదువు.

అపర్ణక్క

భిలాయి,
2 మే 2004

ప్రియమైన అపర్ణక్కకి,

మా పెదనాన్న భూస్థాపనకి విజయనగరం వెళ్ళిన నాన్న నిన్న తిరిగొచ్చారు. అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉండిపోయారు. ఏమైందని అమ్మ అడిగితే అప్పుడు చెప్పారు.

అంకుల్‌ని చూద్దామని మీ ఇంటికి వచ్చారట. మర పెట్టిన మూడు నెలలకే అంకుల్‌కి ఒక పక్కంతా పడిపోయిందనీ, నువ్వు అప్పుడే కాలేజీ మానేసి మర నడుపుతున్నావనీ అప్పటిదాకా నాన్నకి తెలీదు. "తలంతా పిండి, ముందు పోల్చుకోలేకపోయాను. నన్ను సూడగానే ఆ పిల్ల ఏటి అడిగిందో తెలుసా? లిల్లీ లెక్కలు మానలేదు కదా అంకుల్, అంది" అని చెప్పి నాన్న కంచం పక్కకి జరిపేశారు.

అంటే ఆ నూట ముప్పై ఎనిమిది లేనే లేదు. నాకు నీమీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత కోపం పోయింది, ఏడుపు మిగిలింది. నువ్వు ఎక్కని మెట్టు చూపించి నన్ను ఎక్కించావు.

నేను పదకొండు పాసయ్యాను. నా పుస్తకం నీకు పంపుతున్నాను. కింది నుంచి పైకి వెళ్ళకూడదని మన ఆనవాయితీలో ఎక్కడా లేదు. మొదటి పేజీలో నీ పేరు పైన రాసి, నాది కింద రాశాను. ఇండక్షన్ అంటే భయపడాల్సిందేమీ లేదక్కా. ఒక సూత్రం మొదటి సంఖ్యకి నిజమని చూపించి, ఒకదానికి నిజమైతే దాని తర్వాతదానికీ నిజమేనని చూపిస్తే చాలు. నువ్వు ఇంటర్ పరీక్ష ప్రైవేటుగా కట్టి రాయొచ్చని నాన్న చెప్పమన్నారు.

నీ కోసం రోజూ ప్రార్థించే,
లిల్లీ

విజయనగరం,
30 మే 2004

ప్రియమైన లిల్లీకి,

పుస్తకం అందింది. నాన్నకి మాట స్పష్టంగా రాదు. అట్ట మీద ఎడమచేత్తో చాలాసేపు నిమిరారు.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోతే మర ఆగింది. అక్కడే బస్తా మీద కూర్చుని తెరిచాను. మొదటి పాఠం గడిచింది. రెండోదానికి పదో క్లాసులో చేసిన ఎత్తులూ దూరాల లెక్క రావాలి. నేను నీకు నేర్పిందే అది. ఎంతకీ గుర్తు రాలేదు. చేతికున్న పిండి పేజీకి అంటుకుంటే దులిపి మళ్ళీ చూశాను, అయినా రాలేదు. ఏడ్చాను లిల్లీ. చుక్క లేని చోట ఏడ్చాను.

నేను మానేశానని తెలిస్తే నీచేత కూడా మానిపిస్తారని అబద్ధం రాశాను. కానీ ఆ మార్కులు రాస్తున్నప్పుడు నిజంగానే వచ్చినట్టు కాసేపు సంబరపడ్డాను. ఆ సంబరం కూడా నీ ఉత్తరం వల్లే దొరికింది.

పదకొండో క్లాసు పుస్తకం తిప్పి పంపేస్తున్నాను, కోపగించుకోకు. నీ వెనకాల పిల్లలున్నారు, అది మా ఇంట్లో ఆగిపోకూడదు. నాకు కావలసింది పదో క్లాసుది. అది ఈ ఏడాది హార్వేది కదా, వాడి దగ్గర లాక్కోకు. వాడు పరీక్ష రాశాక పంపు. అందాకా మర నడుస్తుంది, నేనూ ఉంటాను.

పదో క్లాసు పుస్తకం మొదటి పేజీలో నీ పేరు పైన నా పేరు ఉంటుంది. దాన్ని కొట్టెయ్యకు. హార్వే పేరు కింద ఇంకోసారి రాయి, అపర్ణ అని.

నీ
అపర్ణక్క