పరుగెత్తినవాడి తప్పులు

రాఘవా,

నువ్వు పరుగెత్తి చేరుకున్న బంతులకు మన క్రికెట్ జట్టు స్కోరు పుస్తకంలో వేరే గడి గీస్తానని మాట ఇచ్చాను. గీయలేదు. జారవిడిచిన క్యాచ్‌లకు మాత్రం గడి ఉండేది. అందులో నీకు పదకొండు. కదలకుండా నిలబడి, బంతి దాటిపోయాక చప్పట్లు కొట్టే సుధాకర్‌కు సున్నా. సెలెక్టర్ ఆ గడి చూసి సుధాకర్‌నే తీసుకున్నాడు. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగమూ అతనికే వచ్చింది. నువ్వు మళ్లీ మైదానానికి రాలేదు.

నువ్వు పోయి నేటికి ఏడాది. అమీర్‌పేటలో మా కింది అంతస్తులో ఇప్పుడు లెక్కల విశ్లేషణ నేర్పే కంప్యూటర్ కోచింగ్ నడుస్తోంది. పొద్దున నీళ్ల మోటారు వేయడానికి దిగాను. పాఠం చెప్పే అమ్మాయి తెరమీద బేస్‌బాల్ ఆటగాళ్ల లెక్కలు చూపిస్తోంది. ఎవరు ఎంత దూరం వెళ్లి బంతిని అందుకోగలరో ఒక్కొక్కరి చుట్టూ వలయం గీసి ఉంది.

"తప్పులొక్కటే లెక్కపెడితే ఎట్ల? ఉరికెటోని చేతులకెల్లే బాల్ జారుతది. నిలబడ్డోనికి తప్పేడ వస్తది?" అంది.

గుమ్మంలో నన్ను చూసి, "ఏం అంకుల్, మీరు సుత జాయినైతరా?" అంది. అందరూ నవ్వారు.

"ఈ పాఠం నాకు ఎప్పుడో వచ్చమ్మా" అన్నాను.

మోటారు వేసి, పైకొచ్చి, పాత స్కోరు పుస్తకంలో నీ పదకొండు ఉన్న పేజీ తీశాను. సుధాకర్ నిలబడడం తప్ప ఏ పాపమూ చేయలేదు. సెలెక్టర్ మూర్ఖుడే కావచ్చు, కానీ కాగితం మీద ఉన్నదే చదివాడు. ఇంకేమైనా చెప్పాలా అని ఆ రోజు నన్ను అడిగాడు కూడా. కొట్టివేతల్లేని నా పుస్తకం చూసుకుని మురిసిపోతూ, లేదన్నాను.

నేనింకా క్షమించని పేరు ఆ పేజీ అడుగున స్పష్టంగానే ఉంది.

స్కోరర్, పురుషోత్తం.