పొట్టి గొల్యాతు

బొలోన్యా, 1687
తపస్సు కాలం, రెండో శనివారం

అమ్మా,

నేను క్షేమం. నేను నాటకాల్లో చేరానని మన ఊరి ఫాదరుగారు అంటున్నారట. నాటకం కాదమ్మా, ఒరటోరియో. వేషాలుండవు, కత్తులుండవు. చర్చిలో నిలబడి బైబిలు కథ పాడతాం, మధ్యలో ప్రసంగం కూడా ఉంటుంది. ఆయనకు గట్టిగా చెప్పు.

నిన్న దావీదు కథ పాడాం. దావీదు ఒక్క రాయితో పడగొట్టే ఆరు మూరల రాక్షసుడు గొల్యాతు పాట నాది. దావీదుగా పాడే ఫెరాంతె బురుజంత పొడుగు. నేను వాడి మోచేతి దాకా వస్తాను. ఇద్దరం లేచి నిలబడగానే జనం ఒకటే నవ్వు. ముందు వరసలో ఒక ముసలమ్మ, "ఈ బుడంకాయనా రాయి పెట్టి కొట్టేది? పాపం, వదిలెయ్యండ్రా!" అంది.

నేను నోరు తెరిచాను. అవతలి కొండ మీది గొర్రెల్ని పిలిచే నాన్న గొంతే కదా నాది! మొదటి మాటకే నవ్వులు ఆగిపోయాయి. రెండో మాటకు ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. పాటలో దావీదు రాయి తగిలాక నేను చేసిందల్లా కూర్చోవడమే. అయినా ఆవిడ, "చచ్చాడు, పీడా పోయింది!" అని ఊపిరి వదిలింది.

చెస్ట్‌నట్ పిండి అయిపోయింది, పంపు. నల్లమేక ఈనిందా? చెల్లి దగ్గు తగ్గిందా? దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

వచ్చే శుక్రవారం మళ్ళీ పాడతాం. నా కాళ్ళ కింద పీట వేయిస్తానన్నారు మా పాటల మాస్టారు. అక్కర్లేదన్నాను. నాన్నను గాడిదనెక్కించి తీసుకురా. వెనకెక్కడో చోటు దొరికి, నేను కనబడకపోయినా కంగారుపడకండి. వినబడతాను.

నీ కొడుకు
తద్దేయో