ఎల్లమ్మ వయసు

మంగళవారం రాత్రి, త్రిపురారం

పొద్దంతా పంచాయతీ ఆఫీసులో వృద్ధాప్య పెన్షన్ దరఖాస్తులు తీసుకున్నాను. ఎల్లమ్మకు వయసు చాలలేదు. ఆధార్ ప్రకారం ఆవిడ తన పెద్దకొడుకు కంటే తొమ్మిదేళ్లే పెద్ద.

"ఆధార్ ఫొటో దిగిననాడు ఎంత చెప్పినవ్ అవ్వా?"

"నా ఎనకాలనే తోటికోడలు నిలబడ్డది బిడ్డా. దాని ముందట ఎక్కువ ఎట్ల చెప్తా?"

ఆ తోటికోడలు సోమక్క ఆరేళ్లు చిన్నది. ఉన్న వయసే చెప్పింది, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటోంది.

వయసు సరిచేయాలంటే ఎరిగినవాళ్ల సాక్ష్యం కావాలన్నాను. ఈ నెల పెన్షన్ కోసం వచ్చి కూర్చున్న సోమక్కే లేచి వచ్చింది.

"నేను చెప్త మేడం. అక్క నాకన్నా ఆరేండ్లు పెద్దది. ఏడంటే ఆడ ఏలిముద్ర ఏస్త."

ఎల్లమ్మ నా చేతిలో కాగితం లాక్కుంది. "నాకొద్దు తియ్యి మీ పెన్షన్" అని వెళ్లిపోయింది.

తప్పు నాదే. అంతమంది ఆడవాళ్ల మధ్య "వయసెంత" అని అరుస్తూ కూర్చున్నదాన్ని నేనే కదా. రేపు బల్ల లోపలి గదిలో వేయించాలి, ఒక్కొక్కరినే పిలవాలి. మగవాళ్లకు ఈ తిప్పలు ఎందుకు లేవో...

సాయంత్రం ఎల్లమ్మ మా ఇంటికొచ్చింది. వాకిట్లో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"అరవై ఆరు. రాసుకో గని, పైకి సదవకు."